లినక్స్‌కి మారేముందు చెవిన పెట్టకూడని సలహాలు

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాల దగ్గర ఈ మధ్య తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "విండోస్ 10 బందయిందంట కదా, ఇప్పుడేం చెయ్యాలె?" 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ ఆ విండోస్‌కి మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ఇచ్చింది. విండోస్ 11కి వెళ్దామంటే కంప్యూటర్లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ దాదాపు 2017 తర్వాతిదై ఉండాలి. బొగ్గుగని క్వార్టర్లలో, బల్లార్‌పూర్ పేపర్ మిల్లు చుట్టుపక్కల, రాజురా వీధుల్లో మన తెలుగు ఇళ్లలో నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో అంతకన్నా ముందువి. పాడైపోలేదు, పని చేస్తూనే ఉన్నాయి. వాటిని తూకానికి వెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అందుకే విండోస్‌కి బదులు వేసుకోగల లినక్స్ మాట వస్తోంది. దాని వెంటే సలహాలూ వస్తున్నాయి. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు ఒకటి చెప్తాడు, వాట్సాప్‌లో ఇంకొకటి వస్తుంది, దుకాణదారు మూడోది చెప్తాడు. అందరూ మంచి మనసుతోనే చెప్తారు. కానీ ఆ సలహాలు పట్టుకుని మారినవాళ్లు నెల తిరక్కుండానే "లినక్స్ మనవల్ల కాదు" అని వెనక్కి వస్తారు. నేను లినక్స్ పక్షం. మారాలనుకునే ప్రతి ఇంట్లో అది నిలవాలన్నది నా కోరిక. కాబట్టి ఆ సలహాలను ఒక్కొక్కటిగా ముందు పెట్టి, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో, వాటికి బదులు ఏం చెయ్యాలో రాస్తున్నాను.

1. "ఊరికే వస్తుంది కాబట్టి మారండి"

అన్నిటికన్నా ఎక్కువ వినిపించేది, అన్నిటికన్నా బలహీనమైనది ఈ సలహానే. మన దగ్గర విండోస్ కూడా చాలామందికి ఊరికే వచ్చినట్టే ఉంటుంది. కంప్యూటర్ కొన్నప్పుడే అందులో ఉంటుంది, లేదా ఎవరో దొంగ కాపీ వేసి ఇస్తారు. అలాంటివాళ్లకు ఉచితం అన్న మాట కొత్తగా ఏమీ ఇవ్వదు. పైగా లినక్స్‌కీ ఖర్చుంది, నేర్చుకునే సమయం రూపంలో. డబ్బు మిగులుతుందనే మారినవాడు మొదటి ఇబ్బంది ఎదురవగానే "ఊరికే వచ్చింది ఇంతే" అనుకుని వదిలేస్తాడు.

అసలు విలువ అనుమతిలో ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అందరూ స్వేచ్ఛగా వాడుకోగల వ్యవస్థను తయారుచేసే గ్నూ పథకాన్ని ప్రకటించాడు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ వ్యవస్థకు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్ మొదలుపెట్టాడు. ఈ రెండిటి మీద నిలబడ్డ వ్యవస్థకు ఉన్న లైసెన్సు నాలుగు హక్కులిస్తుంది: ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు, కాపీ చేసి పదిమందికి పంచొచ్చు. ఫలానా తారీఖు తర్వాత నీ యంత్రం పనికిరాదని ఒక కంపెనీ ఒక్కటే తేల్చెయ్యలేకపోవడం ఈ హక్కుల వల్లే. ఒకరు వదిలేసినదాన్ని ఇంకొకరు అందుకుని నడపొచ్చు. మారడానికి కారణం అడిగితే నేను చెప్పేది ఇదే.

2. "ఎంత పాతదైనా సరే, లినక్స్ వెయ్యగానే రాకెట్ అయితది"

కాదు. ముందు డబ్బా విప్పి చూడండి.

చంద్రపూర్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. ఒకవైపు బొగ్గు గనులు, ఇంకోవైపు థర్మల్ పవర్ స్టేషన్, ఘుగ్గుస్ వైపు సిమెంటు ఫ్యాక్టరీ. క్యాబినెట్ పక్క పలక తీస్తే ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కలకూ, దాని కింద అల్యూమినియం పలకల సందుల్లోనూ నల్లటి మెత్తటి దుమ్ము దట్టంగా పట్టి ఉంటుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు విండోస్ వేసినా, లినక్స్ వేసినా యంత్రం ఈడ్చుకుంటూనే నడుస్తుంది.

ప్లగ్గు పీకి, క్యాబినెట్ ఆరుబయటికి తీసుకెళ్లండి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే బేరింగు పాడవుతుంది. ప్రాసెసర్‌కీ ఆ లోహపు పలకకీ మధ్య పూసిన పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది పూయించండి. ఆ తర్వాత తిరిగే హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టించండి. పాత యంత్రానికి ఇంతకన్నా పెద్ద ఉపకారం లేదు. ర్యామ్ 4 జీబీ ఉంటే, ఇంకొకటి పట్టే చోటుంటే 8 చేయించండి.

ఇవన్నీ అయ్యాక లినక్స్ వేస్తే తేడా నిజంగానే తెలుస్తుంది. వెనకాల తనకు తోచినట్టు నడిచే పనులు తక్కువ, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక తెర ఎంచుకుంటే ర్యామ్ మీద భారం తక్కువ. కానీ 2 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఏ వ్యవస్థా కాపాడలేదు. ఆ ర్యామ్‌ను తినేది వెబ్‌సైట్లు.

3. "లినక్స్‌కి వైరస్ రాదు, ఇక నిశ్చింత"

2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. దాన్ని వేసుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి. అప్‌డేట్లు ఆపేసిన దొంగ కాపీ విండోస్ వాడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అలాగని లినక్స్‌కి ప్రమాదం లేదనుకోవద్దు. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొడ్డిదారి పెట్టినట్టు బయటపడింది. పట్టుకున్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్‌కి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి చూశాడు. అందరికీ తెరిచి ఉన్న కోడ్ కాబట్టే అతను అంత లోతుకి వెళ్లగలిగాడు. తెరిచి ఉంది కాబట్టి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని ధీమా పడటానికి మాత్రం అది చాలదు.

కాబట్టి లినక్స్ మీదైనా అప్‌డేట్లు వెయ్యండి. సాఫ్ట్‌వేర్ అందులోని సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే దించుకోండి. ఇంకొక మాట: బ్యాంకు పేరు చెప్పి ఓటీపీ అడిగే మోసగాడికి మీరు ఏ వ్యవస్థ వాడుతున్నారో అక్కర్లేదు.

4. "ఒక్క రాత్రిలో విండోస్ చెరిపేసి మారిపోండి"

ఫ్రాన్స్ దేశపు జాందార్మరీ అనే పోలీసు దళం ఎలా మారిందో చూడండి. 2005లో ముందు ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చింది. 2006లో బ్రౌజరు, మెయిల్ మార్చింది. ఉద్యోగుల చేతికి అవి అలవాటయ్యాక 2008లో ఉబుంటు వైపు కదిలింది. రోజూ వాడే పనిముట్లు అప్పటికే చేతికి వచ్చేశాయి కాబట్టి కింద వ్యవస్థ మారినా పని ఆగలేదు.

మన ఇంట్లోనూ అదే వరస పెట్టుకోవచ్చు. ఇప్పుడున్న విండోస్‌లోనే ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ వేసుకుని నెలా రెండు నెలలు వాడండి. తర్వాత ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ రాయించి దాన్నుంచే కంప్యూటర్ తెరవండి. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే వైఫై పట్టుకుంటోందా, మాట వినిపిస్తోందా, ప్రింటరు కదులుతోందా అన్నీ చూసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు నిదానంగా ఉంటుంది, దాన్ని చూసి జడుసుకోవద్దు.

ఇన్‌స్టాల్ చేసేముందు పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, భూమి కాగితాల స్కానింగులు ఇంకొక డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూడండి. విండోస్ పక్కన పెట్టుకునే లినక్స్ వెయ్యాలనుకుంటే రెండు జాగ్రత్తలు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యండి, లేకపోతే ఆ డిస్క్‌లో లినక్స్ నుంచి ఏమీ రాయనివ్వకపోవచ్చు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసి, దాని రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. అది లేకుండా బయోస్ సెట్టింగులు కదిపితే మీ ఫైళ్లకు మీరే బయటివాళ్లయిపోవచ్చు.

5. "మీ పని ఏదైనా సరే, లినక్స్‌లో అయిపోతది"

ఈ మాట నమ్మి దెబ్బతినేది రోజూ కంప్యూటర్ మీద బతికే చిన్న దుకాణదారులు. వాళ్ల ముందు నిజం నిజంగా చెప్పాలి.

ఒక కాగితం తీసుకుని రెండు వరసలు గీయండి. ఎడమవైపు మీరు వాడే సాఫ్ట్‌వేర్లన్నీ, కుడివైపు కంప్యూటర్‌కి తగిలించే పరికరాలన్నీ రాయండి. ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

లెక్కలకు ట్యాలీ వాడుతున్నారా? అది విండోస్ కోసం తయారైంది. దాన్ని నడిపే యంత్రాన్ని విండోస్ మీదే ఉంచండి, లేదా లినక్స్ లోపల వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టి నడపండి. రెండో పద్ధతికి 8 జీబీ ర్యామ్ అయినా ఉండాలి. సేవా కేంద్రం నడుపుతున్నారా? వేలిముద్ర యంత్రానికీ, మీ పోర్టల్‌కీ లినక్స్ మద్దతు ఉందో లేదో ముందు పరీక్షించకుండా కదలొద్దు. డిజిటల్ సంతకం టోకెన్‌కి లినక్స్ డ్రైవర్ దొరికినా, సంతకం పెట్టించే సాఫ్ట్‌వేర్‌కి దొరక్కపోవచ్చు.

ప్రింటర్ల సంగతి ఇంకా ముఖ్యం. జిరాక్స్ దుకాణాల్లో, వకీళ్ల ఆఫీసుల్లో ఎన్నో ఏళ్లుగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 గట్టి యంత్రం. కానీ అది క్యాప్ట్ అనే కానన్ సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. లినక్స్‌లో దాన్ని కదిలించడం సాధ్యమే, కొత్తవాళ్లకు మాత్రం చుక్కలు కనిపిస్తాయి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావాటికి ఆ కంపెనీయే హెచ్‌పీలిప్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇస్తుంది కాబట్టి చాలావరకు తగిలించగానే పట్టుకుంటాయి. ఈ తేడా ముందే తెలిస్తే గిరాకీ నిలబడి ఉన్న వేళ తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

శుభలేఖలు, కరపత్రాలు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసేవాళ్లు ఇప్పుడే ప్రధాన యంత్రాన్ని మార్చొద్దు. ఆ పాత ఫైళ్లు ఆ జతలోనే సరిగ్గా తెరుచుకుంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఏదో ఒకరోజు అది నడిచే యంత్రమే దొరకదు. కాబట్టి కొత్త పనులు యూనికోడ్‌లో ఇంక్‌స్కేప్‌తో గానీ స్క్రైబస్‌తో గానీ మొదలుపెట్టి, పాతవాటిని తీరిక దొరికినప్పుడల్లా మార్చుకుంటూ రావడం మేలు.

కాగితం మీద రాసుకున్నవి బ్రౌజరు, మెయిలు, యూట్యూబు, ఉత్తరాలు, చిన్న లెక్కలు, పిల్లల చదువు మాత్రమే అయితే? నిరభ్యంతరంగా మారండి. చాలా ఇళ్ల జాబితా ఇంతే ఉంటుంది.

6. "నిపుణులు వాడేదే మీరూ వాడండి"

లినక్స్‌లో రకాలు వందల్లో ఉన్నాయి. ఆర్చ్ లాంటివి నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు బాగుంటాయి. ఇంట్లో నాన్న వార్తలు చదవడానికి, అమ్మ భజనలు వినడానికి వాడే కంప్యూటర్‌కి అవి తగవు. విండోస్ అలవాటున్నవాళ్లకు లినక్స్ మింట్ సులువు. 22వ వెర్షన్‌కి 2029 దాకా మద్దతుంది. అన్నిటికన్నా మించిన కొలత ఒకటుంది: మీ వీధిలోనో, మీ బంధువుల్లోనో ఎవరికి ఏది తెలుసో అదే వేసుకోండి. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే పలికే మనిషి ఉండటం ఏ వెర్షన్ నంబరు కన్నా విలువైనది.

7. "ఈ కమాండ్ కాపీ కొట్టి ఎంటర్ నొక్కు, అయిపోతది"

అర్థం కాని కమాండ్‌కి మీ పాస్‌వర్డ్ ఇవ్వొద్దు. సుడో అని మొదలయ్యే ప్రతి వరసా యంత్రం మీద పూర్తి అధికారం అడుగుతోందని లెక్క. ఆర్‌ఎమ్ అన్న రెండక్షరాలు కనిపిస్తే అది చెరిపే ఆజ్ఞ అని తెలుసుకోండి. అది చెరిపినవి ట్రాష్‌లోకి వెళ్లవు. రోజువారీ పనికి ఈ రోజుల్లో కమాండ్లు కొట్టే టెర్మినల్ అవసరం చాలా తక్కువ. తెరవాల్సి వస్తే ఎవరి చేతనైనా ఆ వరస అర్థం చెప్పించుకుని అప్పుడు నొక్కండి.

8. "పిల్లలకు వద్దు, ఎంఎస్‌-సీఐటీ ఉన్నది విండోస్ మీదనే"

మహారాష్ట్రలో చాలా సర్కారు కొలువులకు ఎంఎస్‌-సీఐటీ అనే కంప్యూటర్ కోర్సు లాంటి సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగినదే. పరీక్షకు ముందు విండోస్, ఎంఎస్ ఆఫీస్ మీద సాధన చెయ్యాల్సిందే, చేయించండి కూడా. కానీ ఆ కోర్సు నేర్పే టైపింగు, ఫోల్డర్లు, పట్టికలు, సూత్రాలు లిబ్రేఆఫీస్‌లో నేర్చుకున్న పిల్లవాడికి కొత్త కావు.

కేరళను చూడండి. అక్కడ ప్రభుత్వ బడుల్లో లక్షలమంది పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. కైట్ అనే ప్రభుత్వ సంస్థ బడుల కోసమే సొంతంగా ఒక వ్యవస్థ తయారు చేసి ఇస్తోంది. ఆ పిల్లలు ఉద్యోగాలకు పనికిరాకుండా పోలేదు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లు అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ పిల్లవాడి చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ అడుగునా ఉన్నది లినక్స్ కెర్నలే. ఇంజనీరింగుకి వెళ్లాక సర్వర్లు ముట్టుకోవాల్సిన పిల్లవాడికి ఇప్పటి నుంచే ఇంట్లో లినక్స్ ఉంటే నష్టం ఏమిటి?

9. "తెలుగు కావాల్నంటే విండోస్‌లనే ఉండు"

ఈ సలహా మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ పట్టింపు. దానికి కారణం ఈ ప్రాంతపు చరిత్ర. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి వెళ్లి, 1959లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. గనులకూ మిల్లుకూ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడి తెలుగు కుటుంబాలకు తోడయ్యారు. ఈ ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, పిల్లలు మరాఠీలో చదువుతారు. ఒకే కంప్యూటర్ మీద రెండు లిపులూ రాయాలి.

ఈ అవసరానికి లినక్స్ చక్కగా సరిపోతుంది. సెట్టింగుల్లో కీబోర్డ్ దగ్గర తెలుగు, మరాఠీ రెండూ చేర్చుకోండి. ఏమీ కొనక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరిక ఎంచుకుంటే ఇంకొక మేలుంది: భారతీయ లిపులకు అక్షరాల చోట్లు ఒకటే. ఇంగ్లిష్ కే ఉన్న మీట నొక్కితే తెలుగులో క వస్తుంది, మరాఠీకి మార్చి అదే మీట నొక్కితే దేవనాగరి క వస్తుంది. ఒకసారి వేళ్లకు అలవాటైతే రెండు భాషలూ వచ్చేసినట్టే. ఇన్‌స్క్రిప్ట్ కష్టమనిపిస్తే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి ఐబస్ అనే టైపింగు సాధనంలో ఉంది. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, రామభద్ర, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు, పంచుకోవచ్చు.

దీని వెనక మనవాళ్ల శ్రమ ఉంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగు తెరతో ఒక లినక్స్ తయారు చేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో బాస్ లినక్స్ విడుదల చేసి అందులో తెలుగు, మరాఠీలతో పాటు మన దేశ భాషలకు చోటిచ్చింది. మెనూలో ఒక తెలుగు మాట తప్పుగా కనిపిస్తే దాన్ని దిద్దే పనిలో మీరూ చేరొచ్చు. మూసి ఉన్న వ్యవస్థలో ఎన్ని ఫిర్యాదులు పెట్టినా, దిద్దాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. ఇక్కడ ఆ మాట దిద్దే చెయ్యి మనదే కావొచ్చు. తెలుగు రాష్ట్రాలకు బయట బతికే మనకు ఈ అవకాశం ఎంత పెద్దదో వేరే చెప్పాలా?

10. "నువ్వు మారినవ్ కదా, ఇగ అందరినీ మార్చెయ్"

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయం తీసుకుని, 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కి మార్చింది. 2017లో నగర మండలి తిరిగి విండోస్‌కి వెళ్లాలని తీర్మానించింది. అందులో రాజకీయాలూ ఉన్నాయి, ఉద్యోగుల అసంతృప్తీ ఉంది. నేను అందులోంచి తీసుకునే పాఠం ఇది: వాడేవాళ్లను వెంట తీసుకుపోని మార్పు, పదేళ్లు నిలిచినా వెనక్కి పోగలదు.

విండోస్ వాడే బావగారిని చిన్నచూపు చూడొద్దు. అడగకుండా ఎవరి కంప్యూటరూ మార్చొద్దు. అడిగి వచ్చినవాళ్లకు వేసి ఇచ్చి చేతులు దులుపుకోకుండా మొదటి నెల పక్కన ఉండండి. ఫైల్ ఎక్కడ దాచుకుందో చూపించండి, ప్రింటు తీసి చూపించండి. ఒక మనిషిని సరిగ్గా నిలబెట్టినవాడు పదిమందికి ఇన్‌స్టాల్ చేసి వదిలేసినవాడి కన్నా ఎక్కువ మేలు చేసినట్టు.

మరి దేనికోసం మారాలి?

మంచి స్థితిలో ఉన్న యంత్రాన్ని ఇంకొకరు గీసిన గడువు కోసం పారెయ్యడం ఇష్టం లేకపోతే మారండి. ఇంట్లో దొంగ కాపీ పెట్టుకుని పిల్లలకు నీతి చెప్పడం కష్టంగా ఉంటే మారండి. మన భాషను మన చేతులతోనే యంత్రంలో నిలబెట్టుకోవాలని ఉంటే మారండి. ఈ కారణాలు ఉన్నవాళ్లు మొదటి నెలలో ప్రింటరు మొరాయించినా నిలబడతారు. ఎందుకు మారుతున్నారో వాళ్లకు తెలుసు కాబట్టి దారి వెతుక్కుంటారు.

వచ్చే ఆదివారం రెండు వరసల కాగితం రాయండి, ఫ్యాను దుమ్ము దులపండి, ఒక పెన్‌డ్రైవ్ మీద మింట్ నడిపి చూడండి. మూడిటికీ ఒక పూట చాలు. నచ్చి వేసుకున్నాక ఆ పెన్‌డ్రైవ్‌ను చెరపకుండా అడిగిన పక్కింటివాళ్లకు ఇవ్వండి. అది దొంగ కాపీ అవ్వదు. అలా పంచుకొమ్మనే దాని లైసెన్సు చెప్తోంది.